రెండోవైపు పాట

సోమవారం పొద్దున రాజమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎసరు మరిగేలోగా బీడీలకు ఆకు కత్తిరించి పెట్టుకోవాలి. తొమ్మిదింటికి ఖాజాబీ ఇంట్లో అందరూ కూర్చుని క్యాసెట్టులో జవాబు మాట్లాడాలి. పదింటికల్లా మళ్లీ చాట ఒళ్లోకి తీసుకోవాలి. గురువారం భిక్నూర్ దేవయ్య దుబాయికి బయలుదేరుతూ వచ్చి ఆ క్యాసెట్టు పట్టుకుపోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని ఆమె నమ్మకం.

ఆమె భర్త సిద్ధిరాములు దుబాయిలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కారు నడుపుతాడు. ఉత్తరం రాస్తే ఎల్లారెడ్డిలో అది చదివిపెట్టేవాడి ద్వారా వాడకంతా తెలుస్తుంది. ఎలాగూ తెలిసేదానికి రాయడం దేనికని, అతను మాటలే క్యాసెట్టులో నింపి పంపేవాడు. ఒకవైపు అతని మాటలు, రెండోవైపు ఇంటివాళ్ల జవాబు. దుబాయి పోయినవాళ్లున్న ఇళ్లన్నిట్లోనూ అదే రివాజు. వాడలో టేప్‌రికార్డర్ ఉన్నది పక్కింటి ఖాజాబీ దగ్గర. కాబట్టి వినడం, మాట్లాడడం అన్నీ ఆమె వసారాలోనే, ఆమె చేతి మీదుగానే.

సిద్ధిరాములు మాటల్లో సగం ముచ్చట్లయితే, సగం దండాలు. “హనుమాండ్లన్నకు దండం చెప్పుండ్రి, కిరాణం కాడి బాపుకు దండం చెప్పుండ్రి” అంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. పేరు వినపడినవాళ్లు వినపడినట్టే లేచిపోయేవారు, బంతిలో తిని లేచినట్టు. రాజమణికి దండాల దాకా కూర్చునే తీరిక ఉండదు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళ దాటిపోతుంది. ఖాజాబీ కూడా తన దండం అందగానే వంటింట్లోకి పోయేది. చివరిదాకా మిగిలేది అత్త చంద్రవ్వ ఒక్కతే. కొడుకు గొంతు చెవిన పడగానే ఆమెకు ప్రాణం కుదుటపడి నిద్ర ముంచుకొచ్చేది.

పదిరోజుల కిందట వచ్చిన ఈ క్యాసెట్టులో ఒక విడ్డూరం జరిగింది. ఎప్పుడూ ఖాళీగా వచ్చే రెండోవైపు ఈసారి ఖాళీగా లేదు. ఖాజాబీ తిరగేసి పెట్టగానే ముందు ఒక గంట మోగింది. తరవాత డోలు, ఎవరో తీరిక లేని మనిషి తలుపు బాదినట్టు. ఆ మీద ఒక మగగొంతు, పాడుబడ్డ బావిలోంచి పిలుస్తున్నట్టు మూలుగుతూ లేచింది. భాష ఒక్క ముక్క తెలియలేదు.

భూదవ్వ వెంటనే కళ్లు తుడుచుకుంది. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు పోయినా ముందుగా పిలిచేది ఆమెనే. ఆమె శోకం ఎత్తుకుంటే తప్ప చావుకు చావు లక్షణం రాదని పేరు. “పాపం, ఈ పిలగానికి తల్లి వోయింది. గొంతు ఇంటె తెలుస్తలేదా? ఒక్కడే ఏడ్సుకుంటుండు” అని తేల్చి చెప్పింది. ఆ విషయంలో ఆమెతో వాదించే అర్హత ఎవరికీ లేదు.

జాలిపడి రెండోసారి పెట్టారు. మూడోసారి పెట్టినప్పుడు రాజమణి ఒక సంగతి గమనించింది. ఆ డోలు దెబ్బ బీడీ చేసే చేతికి సరిగ్గా అతికినట్టుంది. ఒక దెబ్బకు ఆకు, ఒక దెబ్బకు తంబాకు, ఒక దెబ్బకు చుట్టు, నాలుగో దెబ్బకు దారం. ఆ రోజు నుంచి వాడలోని బీడీల ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని ఖాజాబీ వసారాకు చేరసాగారు. “ఆ పిలగాన్ని పెట్టు ఖాలా” అనడం, చేతులు ఆడించడం. వారం తిరిగేసరికి అందరికీ పాట నోటికొచ్చింది. కార్ఖానాలో బీడీలు చూసుకునే ఆయన కట్టలు తిప్పి తిప్పి చూసి, “గివన్ని ఒక్కతే చేసిందా ఏంది?” అని అడిగాడట.

అంత ఇష్టపడ్డ పాట మీద జవాబు మాట్లాడడమేమిటని సోమవారం పొద్దున రాజమణికి అనుమానం రాకపోలేదు.

“ఖాలా, మనం మాట్లాడితె పాట పోదా?”

“ఏడికి వోతది బేటీ?” అంది ఖాజాబీ. టేప్‌రికార్డర్ ఉన్నది ఆమెకు. “సున్నం మీద సున్నం ఏస్తె పాత సున్నం ఏడికన్న వోయిందా? అడుగున్నే ఉంటది. మన మాట పైన ఉంటది. సిద్ధిరాములుకు రెండు ఇనవడ్తయి.”

అది సబబుగానే తోచింది. ఖాజాబీ ఎర్ర బొత్తాన్ని, దాని పక్క బొత్తాన్ని కలిపి నొక్కింది. చంద్రవ్వ దుబాయి దూరాన్ని దృష్టిలో పెట్టుకుని అరిచింది. “కొడుకా! మంచిగున్నవా! నేను మంచిగున్న! మోకాళ్లొక్కటే సతాయిస్తున్నయి!” భూదవ్వ ఆ తల్లి పోయిన పిల్లవాణ్ణి ఓదార్చమని చెప్పింది. ఖాజాబీ తన అల్లుడి సంగతులన్నీ చెప్పింది. రాజమణిని మాట్లాడమంటే ఇంతమంది ముందు ఏం మాట్లాడుతుంది? “మంచిగున్న. గోడలు లేసినయి. స్లాబు ఒక్కటే ఉన్నది” అంది. ఇంకా తిరుగుతున్న టేపును వృథా చేయడం ఇష్టంలేక మిగతావాళ్లు తలా ఒక మాట వేశారు. ఇరవై నిమిషాలకు గాని అది ఆగలేదు.

“పడ్డదా లేదా సూద్దాం” అని ఖాజాబీ టేపును దాదాపు మొదటిదాకా వెనక్కి తిప్పి, తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. పెట్టడంలో వైపు మారింది. బయటికొచ్చింది సిద్ధిరాములు గొంతు, ఇంతవరకూ ఎవరూ వినని చివరి భాగంలోంచి.

“…భూదవ్వకు దండం. ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. రెండో దిక్కు అస్సలు ముట్టకుండ్రి. అది మా ఇంజనీరు సాబు పానం. గోతిక్ రాక్ అంటరట దాన్ని, ఇంగ్లీషోళ్ల చీకటి పాటలు. నల్ల బట్టలేసుకొని, దీపాలు తగ్గించుకొని ఇంటరట. ఆ బ్యాండోళ్ల క్యాసెట్టు మళ్ల దొర్కదట. ఇవతల దిక్కు ఖాళీగ ఉన్నది, మాట్లాడి పంపుకో, పాట మాత్రం ఎట్లున్నది అట్ల తేవాలె అని నా చేతుల పెట్టిండు. వచ్చే నెల నా అగ్రిమెంటు మీద సంతకం వెట్టేది ఆయెనే. జవాబు వేరే క్యాసెట్టుల పంపుండ్రి. రెండో దిక్కు ముడితె నేను ఇంటికొచ్చుడే. ఉంట మరి.”

ఖాజాబీ నెమ్మదిగా రెండోవైపు పెట్టింది. గంట లేదు. డోలు లేదు. “మోకాళ్లొక్కటే సతాయిస్తున్నయి!” అని చంద్రవ్వ అరుపు ఒక్కటే వినిపించింది.

“అడుగున ఉంటదంటివి గద ఖాలా?” అంది రాజమణి.

“ఉండాలె మరి,” అని ఖాజాబీ టేప్‌రికార్డర్‌ను ఒకసారి కిందినుంచి చూసింది.

రాజమణి ఇంటికొచ్చి, కట్టి వదిలేసిన రెండు గదుల మధ్య నిలబడింది. గోడల మీద ఆకాశం ఉంది. ఇంకో రెండేళ్ల అగ్రిమెంటు దొరికితే అక్కడ కప్పు ఉంటుంది. దొరక్కపోతే వానాకాలానికి ముందు సిద్ధిరాములు ఉంటాడు, కప్పు ఉండదు.

మంగళవారం మొదటి బస్సుకే ఆమె కామారెడ్డి వెళ్లింది. బజారులో ఖుద్దూస్ అనే ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉంది. లోకంలోని పాటలన్నీ తన దగ్గరున్నాయని ఆయన అనుకునేవాడు.

“ఏం పాట గావాలె చెల్లె?”

“పేరు తెల్వదన్నా. ఇంగ్లీషుది. తల్లి వోయినోడు పాడినట్టు ఉంటది.”

“ఇంగ్లీషుల అట్లాంటియి వేరే పెట్టరు చెల్లె. ఎట్లుంటదో జెర పాడి సూపెట్టు.”

రాజమణిది చిన్నప్పటినుంచీ మోటు గొంతు. బడిలో ప్రార్థన పాడేటప్పుడు పంతులమ్మ ఆమెను పెదవులు మాత్రం ఆడించమనేది. కానీ ఇప్పుడు సిగ్గుపడే సమయం కాదు. గల్లాపెట్టె మీద వేళ్లతో డోలు వేసుకుంటూ, కళ్లు మూసుకుని, బావిలోంచి పిలిచినట్టు మొదలుపెట్టింది. మూలుగు దగ్గరికి వచ్చేసరికి, స్లాబు గుర్తొచ్చి కళ్లవెంట నీళ్లు కూడా వచ్చాయి. ఖుద్దూస్ గబగబా స్టూలు వేసి, గ్లాసులో నీళ్లు తెచ్చి, ఆ పాట తన దగ్గర లేదని చాలా మర్యాదగా చెప్పాడు.

రోడ్డుకు అవతల హనుమాండ్లు చాయ్ తాగుతున్నాడు. కామారెడ్డిలో పెళ్లిళ్లకూ చావులకూ వాయించే బ్యాండులో పెద్ద డోలు అతనిదే. ఇల్లు మాత్రం ఎల్లారెడ్డిలో, రాజమణి వాడలోనే. తన వాడ ఆడమనిషి, భర్త దుబాయిలో ఉన్న మనిషి, నడిబజారులో కళ్లు మూసుకుని శోకం పెడుతుంటే, ముందు దుకాణదారు నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక అడిగేదేముంది? పోయినవాళ్ల సంగతి అయినవాళ్లను నోరు తెరిచి అడగడం హనుమాండ్లు వృత్తిలో తప్పు. చాయ్ సగంలో పెట్టేసి, డోలు భుజానికెత్తుకుని, దొరికిన బస్సు ఎక్కాడు. బస్సులో ఎవరి చావుకని అడిగినవాళ్లకు మాత్రం చెప్పాడు.

రాజమణి ఇంకో రెండు దుకాణాల్లో పాడి, ఇంకో రెండు గ్లాసుల నీళ్లు తాగి, నాలుగు గంటల బస్సుకు ఎల్లారెడ్డిలో దిగింది. బస్టాండులోనే ఇద్దరాడవాళ్లు ఎదురొచ్చి ఆమెను పట్టుకుని భోరుమన్నారు. క్యాసెట్టు పాడైన సంగతి ఊరంతా పాకిందని రాజమణి అనుకుంది. ఇంత ప్రేమ ఉందని ఆమెకు తెలియదు.

“ఎట్లయింది బిడ్డా?”

“ఏం జెప్పాలె అవ్వా. మా చేతులార మేమే జేసుకున్నం.”

ఆడవాళ్లిద్దరూ ఏడుపు ఆపి ఒకరినొకరు చూసుకున్నారు. “మీరే జేసిండ్రా?”

“ఖాజాబీ ఖాలా ఒత్తింది. మేమందరం సుట్టు కూసున్నం. మా అత్త అయితె ఒర్రింది కూడా. మొత్తం ఇరవై నిమిషాలు వట్టింది.”

వాళ్లు రాజమణిని వదిలి రెండడుగులు వెనక్కి వేశారు.

వాడ మొదట్లోనే డోలు వినిపించింది. ఇంటి ముందు యాభైమంది ఉన్నారు. హనుమాండ్లు గోడకు ఆనుకుని మెల్లగా, ఒక్కో దెబ్బ విడిగా వేస్తున్నాడు. మధ్యలో భూదవ్వ కొంగు నడుముకు చుట్టి శోకం ఎత్తుకుంది. సిద్ధిరాములు పుట్టినప్పటి తూకం దగ్గర మొదలుపెట్టి, అతను తిన్నవన్నీ, కట్టినవన్నీ పేరుపేరునా చెబుతూ దుబాయి విమానం దాకా వచ్చేసింది. గడపలో చంద్రవ్వ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

“నా కొడుకు దుబాయిల దున్నపోతు లెక్క తిరుగుతుండు! ఎవని నోట్ల పురుగులు వడ! భూదీ, నోరు ముయ్యి!”

“దుఃఖంల గట్లనే అంటది. అననియ్యుండ్రి,” అని భూదవ్వ మరింత పైకెత్తుకుంది.

రాజమణి పరుగున వెళ్లి అందరి మధ్యా నిలబడింది. ఎవరూ చనిపోలేదని, పోయింది పాట ఒక్కటేనని, ఖాజాబీ ఒత్తింది ఎర్ర బొత్తాన్నని చెప్పడానికి పావుగంట పట్టింది. కొందరు సంతోషించారు. పిట్లం నుంచి వచ్చిన మేనత్త మాత్రం రెండు బస్సులు మారి వచ్చినందుకు ఏం చేయాలో తెలియక అరుగు మీద కూర్చుంది. హనుమాండ్లు తల దించుకుని, చేతులు ఊరుకోక, డోలు మీద ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. మధ్యలో ఆపడం తెలియని భూదవ్వ చివరి మూలుగు ముగించింది.

రాజమణి చటుక్కున తలెత్తింది. ఆ దెబ్బల మీద ఆ మూలుగు. కళ్లు మూసుకుంటే ఖాజాబీ వసారాలో ఉన్నట్టే ఉంది.

“అన్నా, ఇంకొక్కసారి కొట్టు. జెర జల్ది కొట్టు. తలుపు బాదినట్టు.”

కొట్టాడు.

“పెద్దవ్వా, ఎత్తుకో.”

“వోయినోడు లేడంటివి. ఎవల మీద ఏడ్వాలె?” అంది భూదవ్వ. ఆమెకూ పద్ధతులున్నాయి.

“నా కొడుకు పేరెత్తితె ఈ చీపిరి ఇరుగుతది,” అని చంద్రవ్వ ముందే చెప్పింది. భూదవ్వకు ఇంగ్లీషు రాదు. పేరు లేకుండా ఏడవడం అసలే రాదు. కాసేపటికి చంద్రవ్వే ఒక మెట్టు దిగింది. పోయిన ఎండాకాలం ఆమె సుక్కబర్రె పాము కరిచి చచ్చిపోయింది. నుదుట తెల్లమచ్చ ఉన్న బర్రె. పూటకు నాలుగు శేర్ల పాలిచ్చేది. దానికోసం ఎవరూ సరిగా ఏడవలేదని ఆమెకు లోలోపల బాధ ఉంది.

“దాని మీద ఏడ్వు. దానికి బాకీ ఉన్నవు,” అంది.

బుధవారం పొద్దున పదింటికి ఖాజాబీ వసారాలో అందరూ చేరారు. ఇత్తడి బిందెను తలకిందులుగా వేలాడదీసి రోకలితో కొడితే గంట వచ్చింది. బీడీల ఆడవాళ్లు పన్నెండుమంది కత్తెరలు ఆడించడానికి వరసగా కూర్చున్నారు. బావిగొంతు ఎలాగన్నది సమస్య. వడ్లు పోసే పెద్ద మట్టి కాగు ఖాళీగా ఉంటే, దాన్ని పక్కకు పడుకోబెట్టి రాజమణి తల లోపలికి దూర్చింది. పదిరోజులు విన్న ఇంగ్లీషులో ఆమెకు గుర్తున్న శబ్దాలు గుర్తున్నట్టే పాడింది. గుర్తులేనిచోట భూదవ్వ అందుకుంది.

“సుక్కా… ఓ సుక్కా… కట్టుగొయ్య అడుగుతున్నదే, ఏడ వొయినవే సుక్కా… పాలచెంబు బోర్ల వడ్డదే, ఎవ్వలింటికి వొయినవే సుక్కా…”

మొదటిసారి పక్కింటి కోడి కూసింది. రెండోసారి ఖాజాబీ ఎర్ర బొత్తాం ఒత్తడం మరిచిపోయింది. మూడోసారి భూదవ్వ నిజంగానే లీనమైపోయింది. చంద్రవ్వ బర్రెను తలుచుకుని ఎక్కిళ్లు పెట్టింది. ఆ ఎక్కిళ్లు కూడా డోలు మీదే పడ్డాయి. కాగులోంచి రాజమణి గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆ వాడలో ఇంత గట్టిగా ఆమె ఎన్నడూ నోరు తెరవలేదు. పెదవులు మాత్రం ఆడించమనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఇరవై నిమిషాలకు టేపు టక్కుమని ఆగింది.

“అచ్చం అట్లనే ఉన్నది,” అంది ఖాజాబీ.

అచ్చం అలా లేదని రాజమణికి తెలుసు. అయినా గురువారం పొద్దున దేవయ్య వస్తే, ఆ క్యాసెట్టునే ఒక గుడ్డలో చుట్టి ఇచ్చి పంపింది.

అయిదు వారాలు ఏ కబురూ లేదు. రాజమణి రోజూ పొద్దున గోడల మధ్య నిలబడి పైకి చూసేది. భర్త పెట్టె పట్టుకుని బస్సు దిగుతున్నట్టు రెండుసార్లు కల వచ్చింది. ఒకసారి ఆ పెట్టె మీద బర్రె కూడా కూర్చుని ఉంది. ఆరో వారంలో దుబాయి నుంచి వచ్చిన పిట్లం మనిషి ఒకాయన రెండు క్యాసెట్లు ఇచ్చి వెళ్లాడు. ఖాజాబీ మొదటిది పెట్టింది.

“అవ్వా, మీరేం జేసిండ్రో నాకు తెల్వదు,” అని సిద్ధిరాములు మొదలుపెట్టాడు. ముచ్చట్లు లేవు, దండాలు లేవు. “సాబు కారుల కూసోని క్యాసెట్టు పెట్టిండు. గంట మోగింది. బాగనే ఉన్నదనుకున్న. ఇంతల మా సుక్కబర్రె పేరు ఇనవడ్డది! స్టీరింగు చేతులకెల్లి జారింది. రోడ్డు పక్క ఆపమన్నడు. ఆపిన. అయిపోయింది నా పని అనుకున్న. కండ్లు మూసుకొని ఆఖరుదాక ఇన్నడు. మళ్ల మొదటికెల్లి ఇన్నడు. అప్పుడు అడిగిండు: ఇది మా బ్యాండు గాదు, ఈ బ్యాండు ఎవ్వలది? నేను పదేండ్ల నుంచి ఇలాంటి పాట కోసం ఎతుకుతున్న, ఇంత చీకటి గొంతు ఎన్నడు ఇనలేదు, అన్నడు. ఏమని పాడుతుండ్రు అంటె, మా ఇంట్ల ఒక పెద్ద పానం వోయింది సాబ్ అన్న. టోపీ తీసిండు.”

చంద్రవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. బర్రెకు ఇంతటి మర్యాద దక్కుతుందని ఆమె అనుకోలేదు.

“ఇప్పుడు శుక్రవారం శుక్రవారం ఎనిమిదిమంది జమైతుండ్రు సాబు ఇంట్ల. అందరు ఇంగ్లీషోళ్లే. గింత ఎండల నల్ల బట్టలేసుకొని వస్తరు. పరదలు దించి మీ క్యాసెట్టే ఇంటరు. బ్యాండోళ్ల పేర్లు రాసియ్యమన్నరు. డోలుకు హనుమాండ్లన్న అని రాసిచ్చిన. ఏడ్చుడుకు భూదవ్వ అని రాసిచ్చిన. ఆ పాడేటామె ఎవ్వలని అడిగిండ్రు. రాజమణి అని చెప్పిన.”

పెళ్లయిన తొమ్మిదేళ్లలో భర్త నోట తన పేరు వినడం ఆమెకు అదే మొదలు. అది కూడా అంతమందిలో. రాజమణి చాట మీద తల వంచుకుని, చుట్టిన బీడీనే మళ్లీ చుట్టింది.

“అగ్రిమెంటు మీద సాబు ఇంకో రెండేండ్లకు సంతకం వెట్టిండు. స్లాబుకు మేస్త్రీని మాట్లాడుకోండ్రి. రెండో క్యాసెట్టు రెండు దిక్కుల ఖాళీది పంపిన. సాబు దోస్తులందరు అడుగుతుండ్రు, అదే బ్యాండుతోని ఇంకో పాట గావాలెనట.”

వసారా అంతా ఒక్కసారి మాటల్లో పడింది. హనుమాండ్లు కామారెడ్డి బ్యాండుకు ఇక రానని కబురు పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఖాజాబీ తనవల్లే ఇదంతా జరిగిందని, తాను ఎర్ర బొత్తాం ఒత్తకపోతే ఎవరు పాడేవారని ఒకటికి రెండుసార్లు అడిగింది. భూదవ్వ ఒక్కతే ఇంకా ఏదో తేలనట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

“అయితే బిడ్డా,” అంది చివరికి, “ఆళ్ల దేశంల ఏడ్వనీకె మనుషులే దొర్కరా?”